సీసా కంటే ముందు తోట

నలుగురు స్నేహితులు కూర్చున్నచోట వైన్ ప్రస్తావన వచ్చిందంటే మాట సీసా దగ్గరే ఆగిపోతుంది. ఎంత పెట్టి కొన్నారు, ఏ దేశానిది, ఎన్నేళ్ల నాటిది. కాలిఫోర్నియాలో మా అల్లుడి స్నేహితులు మాట్లాడుకునేదీ ఇదే, హైదరాబాదులో మా తమ్ముడి కొడుకులు మాట్లాడుకునేదీ ఇదే. నేను శామీర్‌పేట వైపు ద్రాక్ష పండించినవాణ్ణి. పందిరి కింద మెడ వెనక్కి వంచి గుత్తులు చూసుకుంటూ సగం జీవితం గడిపాను. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడల్లా నాపా, సొనోమా తోటలు తిరిగాను. అక్కడి రైతులతో, కోత కూలీలతో వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడాను, దొరికిన పుస్తకాలు చదివాను. వైన్ గురించి చెప్పుకోదగ్గ విశేషాల్లో ముప్పాతిక వంతు తోటలో పుట్టినవేనని నాకు గట్టి నమ్మకం. పిల్లలు అడుగుతున్నారు కాబట్టి నాకు తెలిసినవి వరుసగా రాస్తున్నాను.

1. తినే ద్రాక్ష వేరు, వైన్ ద్రాక్ష వేరు

ఒకప్పుడు హైదరాబాదు శివార్లలో ఎటు చూసినా అనాబ్-ఎ-షాహీ పందిళ్లే. పెద్ద కాయ, పలచటి తోలు, నిండా రసం. తర్వాత గింజ లేని థామ్సన్ వచ్చింది. రెండూ తినడానికి పెంచే రకాలు. సొనోమాలో కాబర్నే సావిన్యాన్ అనే వైన్ రకం గుత్తి చేతిలోకి తీసుకుంటే ముందు నాకు నచ్చలేదు. కాయ బఠాణీ గింజంత, తోలు మందం, లోపల గింజలు, గుజ్జు చూస్తే కొంచెమే. నోట్లో వేసుకున్నాక తెలిసింది, మన ద్రాక్షను మించిన తీపి.

మేం తీపి కొలత 16, 18 బ్రిక్స్ చూపిస్తే కోతకు మనుషుల్ని పిలిచేవాళ్లం. వైన్ ద్రాక్షను 22 నుంచి 25 దాకా పండనిస్తారు. దాని వెనక లెక్క ఉంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాలు వస్తుంది. 13 శాతం వైన్ కావాలంటే లీటరుకు 220 గ్రాముల చక్కెర కాయలోనే తయారు కావాలి. 750 మిల్లీలీటర్ల సీసా ఒకటి నిండడానికి కిలో పైచిలుకు పండు పడుతుంది.

ఇంకో తేడా చెబితే మన రైతులు నమ్మరు. ఎకరానికి ఎన్ని టన్నులు తీశామన్నదే మాకు గొప్ప. ఫ్రాన్స్‌లో పేరున్న ప్రాంతాల్లో హెక్టారుకు ఇంతకు మించి దిగుబడి తీయకూడదని నిబంధన ఉంది. మించితే ఆ ప్రాంతం పేరు సీసా మీద వేసుకోనివ్వరు. కొన్ని తోటల్లో కాయ రంగు తిరిగే సమయానికి కొన్ని గుత్తులు కత్తిరించి నేలమీద పడేస్తారు, మిగిలిన వాటికి సారం అందాలని. అది కళ్లారా చూసిన రోజు నా ప్రాణం ఉసూరుమంది.

2. రంగంతా తోలులోనే

ఎర్ర వైన్ నల్ల ద్రాక్షది, తెల్ల వైన్ పచ్చ ద్రాక్షది అని చాలామంది అనుకుంటారు. నల్ల ద్రాక్ష కాయను గోటితో చీల్చి చూడండి. చాలా రకాల్లో లోపలి గుజ్జుకు రంగే ఉండదు. తోలుతో నాననివ్వకుండా వెంటనే పిండితే నల్ల ద్రాక్ష నుంచి కూడా తెల్ల వైనే దిగుతుంది. షాంపేన్‌కు వాడే మూడు ముఖ్యమైన రకాల్లో రెండు, పీనో న్వార్, మ్యూనియే, నల్లవే. తోలుతో కలిపి కొన్ని గంటలు ఉంచితే లేత గులాబీ రంగు, రోజుల తరబడి ఉంచితే ఎరుపు. వగరు కూడా ఆ తోలు నుంచీ గింజల నుంచీ దిగేదే. పాలు పోయని టీ డికాక్షన్ నాలుకను పట్టేస్తుందే, అక్కడ ఉన్నదీ వగరునిచ్చే ఈ టానిన్లే.

3. మన తీగకు నిద్ర లేదు

చలి దేశాల్లో తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. ఏడాదికి ఒక్కసారి, చలికాలంలో, కొమ్మకు ఒకటి రెండు కళ్లు ఉంచి కత్తిరిస్తారు. మన వేడికి తీగ నిద్రపోదు, పెరుగుతూనే ఉంటుంది. అందుకని ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తెర పడాలి. మొదటి కత్తెర కొమ్మ కోసం, రెండోది కాయ కోసం. రెండు కత్తెరలకు కలిపి పంట ఒక్కటే. నాసిక్‌లో వైన్ ద్రాక్షకూ ఇదే పద్ధతి. యూరప్‌లో సెప్టెంబరు, అక్టోబరుల్లో కోతలైతే మన దేశంలో జనవరి నుంచి మార్చి దాకా. వానలు, ఎండలు రెండింటినీ తప్పించుకుని పంట చేతికి రావడానికి మన రైతు కత్తెరతో ఏర్పాటు చేసుకున్న క్యాలెండర్ ఇది. భారతదేశపు వైన్ గురించి ఎవరితోనైనా మాట్లాడితే ముందు ఈ సంగతి చెప్పండి. ఫ్రెంచివాళ్లు కూడా చెవి ఒగ్గి వింటారు.

4. కాయ ఫ్రాన్స్‌ది, వేరు అమెరికాది

వైన్ చరిత్రలో అతి పెద్ద సంఘటన ఏ రాజుగారి విందులోనూ జరగలేదు, మట్టిలో జరిగింది. 1860ల్లో దక్షిణ ఫ్రాన్స్‌లో తోటలు కారణం తెలియకుండా ఎండిపోవడం మొదలైంది. చచ్చిన తీగను పీకి చూస్తే వేరు కుళ్లి ఉండేది గానీ పురుగు కనిపించేది కాదు. 1868లో ప్లాంషాన్ అనే వృక్షశాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఎండుతున్న తీగను వదిలి పక్కనున్న పచ్చటి తీగను తవ్వించారు. వేళ్ల నిండా కంటికి ఆనీ ఆనని పసుపుపచ్చ పేనుబంకలాంటి పురుగులు. తీగ చచ్చిపోగానే ఆ పురుగు పక్క తీగకు వెళ్లిపోతుంది, అందుకే అన్నాళ్లూ దొరకలేదు. దాని పేరు ఫిలాక్సెరా. అమెరికా నుంచి తెచ్చి నాటిన మొక్కలతో వచ్చింది.

1875లో ఫ్రాన్స్ సుమారు 840 కోట్ల లీటర్ల వైన్ తీసింది. 1889కి అది 240 కోట్ల లీటర్లకు లోపే. ఊళ్లకు ఊళ్లు బతుకుదెరువు వెతుక్కుంటూ అల్జీరియాకీ ఇంకా దూరాలకీ వలసపోయాయి. విరుగుడు కూడా అమెరికా నుంచే రావలసి వచ్చింది. అక్కడి అడవి ద్రాక్ష జాతులు ఆ పురుగుతోపాటే పెరిగాయి, వాటి వేళ్లు తట్టుకుంటాయి. టెక్సస్‌లో మన్సన్ అనే ఆయన ఏ మట్టికి ఏ అడవి తీగ సరిపోతుందో చెప్పి పంపించాడు. ఆయనకు ఫ్రెంచి ప్రభుత్వం గౌరవ పురస్కారం ఇచ్చింది. అప్పటి నుంచి అమెరికా వేరు మీద యూరప్ కొమ్మ అంటుకట్టడమే పద్ధతి. ఇవాళ బోర్డో, బర్గండీ అని ఎంత గొప్పగా చెప్పుకున్నా దాదాపు తోటలన్నీ నిలబడింది అమెరికా వేళ్ల మీదే. చిలీ దేశంలోకి మాత్రం ఆ పురుగు అడుగుపెట్టలేదు, అక్కడ ఇప్పటికీ సొంత వేళ్ల మీద పెరిగే తోటలున్నాయి.

ఇందులో మనకు ఓ చుట్టరికం ఉంది. మహారాష్ట్రలోనూ మన దగ్గరా ద్రాక్ష రైతులు డాగ్‌రిడ్జ్ వేరు మీద అంటుకడతారు. అది కూడా టెక్సస్ అడవి జాతే. మనం వాడేది పురుగు భయంతో కాదు, చౌడు నేలకూ నీటి ఎద్దడికీ తట్టుకుంటుందని. తోటకు వెళ్లినప్పుడు కాండం అడుగున చూడండి, అంటు అతికిన చోట చిన్న బొడిపె ఉంటుంది. దాని కింద ఒక దేశం, పైన ఒక దేశం.

5. మైలుతుత్తం సంగతి

ఈ ఒక్కటీ చెప్పకపోతే నేను రాసినందుకు ఫలితం లేదు. తమలపాకు తోటవాణ్ణి, నిమ్మ, బత్తాయి రైతును, కోనసీమ కొబ్బరి రైతును అడగండి, బోర్డో మిశ్రమం తెలియనివాడు ఉండడు. ఆ బోర్డో వైన్‌కు పేరుపడ్డ ఫ్రెంచి నగరమే.

ఫిలాక్సెరాకు విరుగుడుగా అమెరికా మొక్కలు తెచ్చుకుంటే వాటితోపాటు బూజు తెగులు దిగుమతయింది. ఆకుల అడుగున తెల్లటి బూజు, నాలుగు రోజుల్లో ఆకంతా మాడి రాలిపోతుంది. 1882 శరత్కాలంలో బోర్డో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పే మిలార్దే మెదోక్ ప్రాంతపు తోటల్లో నడుస్తున్నాడు. తోటంతా ఆకు రాలి మోడుబారింది. దారి పక్కన ఉన్న వరసల్లో మాత్రం ఆకు పచ్చగా ఉంది. ఏం చేశారని అడిగాడు. దారినపోయేవాళ్లు కాయలు తెంపుకుపోతున్నారని, విషం చల్లినట్టు కనిపించేలా మైలుతుత్తం, సున్నం కలిపి దారి పక్క తీగల మీద చల్లామని చెప్పారు. దొంగల కోసం చల్లింది తెగులును ఆపింది. ఆయన రసాయనశాస్త్రం తెలిసిన సహోద్యోగి గేయోన్‌తో కలిసి పాళ్లు తేల్చి 1885లో ప్రకటించాడు. పంట తెగుళ్లను మందు కొట్టి ఆపవచ్చని ప్రపంచమంతటికీ పెద్ద ఎత్తున తెలిసింది అప్పుడే.

మేం కలిపే పద్ధతి ఇది. కిలో మైలుతుత్తం నీలం పలుకులను గోనెగుడ్డలో మూటకట్టి 50 లీటర్ల నీళ్లలో వేలాడదీస్తే రాత్రికి రాత్రి కరుగుతుంది. కిలో పొడి సున్నం ఇంకో 50 లీటర్లలో. తొట్టి ప్లాస్టిక్‌దో మట్టిదో అయి ఉండాలి, ఇనుము పనికిరాదు. రెండోదాన్ని బాగా కలియబెట్టి, నీలపు నీళ్లను సన్నటి ధారగా సున్నపు నీళ్లలో పోస్తూ కర్రతో తిప్పాలి. ఆకాశం రంగు తేలుతుంది. అప్పుడు మెరిసేలా రుద్దిన ఇనుప కత్తిని అందులో ముంచి నిమిషం ఆగి తీయాలి. కత్తి మీద ఎర్రగా రాగి పూత పట్టిందంటే సున్నం చాలలేదన్న మాట. అలాగే కొడితే ఆకు మాడుతుంది. ఇంకాస్త సున్నం కలిపి మళ్లీ కత్తి ముంచాలి. పూత పట్టకుండా వచ్చాకే పంపులో పోయాలి. కలిపింది ఆ రోజే కొట్టేయాలి, మర్నాటికి పనికిరాదు. మా పాలేరు అక్షరం ముక్క రానివాడు, ఈ పని మాత్రం ఏ శాస్త్రవేత్తకూ తీసిపోకుండా చేసేవాడు. బోర్డోలో మిలార్దే చూసిన ఆ పచ్చటి వరసల పుణ్యం మా పందిళ్ల దాకా వచ్చిందని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

6. పులియబెట్టేది కంటికి కనిపించనిది

వైన్‌ను మనిషి చేయడు, ఈస్టు చేస్తుంది. అది చక్కెరను తిని ఆల్కహాలునూ బొగ్గుపులుసు వాయువునూ విడుస్తుంది. ఈ వాయువు గాలికంటే బరువు, నేలమట్టాన పేరుకుంటుంది. పాత సెల్లార్లలోకి కొవ్వొత్తి పట్టుకుని దిగేవారు, వెలుగు ఆరితే వెనక్కి పరుగు. మన ఊళ్లలో పాడుబడ్డ బావిలో దిగేముందు లాంతరు దించి చూసేవాళ్లు కూడా ఈ భయంతోనే. ఇప్పటికీ వైన్ తొట్లు శుభ్రం చేసేటప్పుడు ఊపిరాడక కూలీలు చనిపోయే ప్రమాదాలు జరుగుతూనే ఉన్నాయి. గ్లాసు ఎత్తేవాళ్లకు ఇది తెలిసి ఉండాలి.

1863లో మూడో నెపోలియన్ చక్రవర్తి లూయీ పాశ్చర్‌ను పిలిచి, ఫ్రెంచి వైన్ ఎందుకు చెడిపోతోందో తేల్చమన్నాడు. పాశ్చర్ తాను పెరిగిన ఆర్బ్వా ఊళ్లోనే మకాం పెట్టి పరీక్షలు చేశాడు. వైన్‌ను పుల్లబరిచేది వేరే సూక్ష్మజీవులని, 50, 60 డిగ్రీల దాకా కాస్తే అవి చస్తాయని చూపించి 1866లో పుస్తకం రాశాడు. పొద్దున్నే గుమ్మంలో పడే పాల ప్యాకెట్‌ను కాపాడుతున్నది వైన్ కోసం కనిపెట్టిన ఈ పద్ధతే.

మూడేళ్లకే దీనికి ఇంకో ప్రయోజనం దొరికింది. అమెరికాలో థామస్ వెల్చ్ అనే పళ్ల డాక్టరు మెథడిస్టు చర్చి భక్తుడు. మద్యం ముట్టనివాడు ప్రభువు బల్ల దగ్గర మాత్రం ఎందుకు తీసుకోవాలన్నది ఆయన బాధ. 1869లో ద్రాక్షరసాన్ని సీసాల్లో పోసి కాచి, పులియకుండా నిలవచేశాడు. ఇవాళ మన చర్చిల్లో చాలాచోట్ల ప్రభు భోజన సంస్కారానికి పులియని ద్రాక్షరసమే ఇస్తారు. ఆ అలవాటు వెనక ఈయన ఉన్నాడు.

7. బుడగలూ బిరడాలూ

షాంపేన్‌ను కనిపెట్టింది డోమ్ పెరిన్యోన్ అనే సన్యాసి అని అందరూ చెబుతారు. నిజానికి ఆయన 1668లో ఓవిలేర్ మఠానికి వచ్చాడు, తన కాలంలో ఎక్కువగా తిప్పలు పడింది బుడగలు రాకుండా చూడటానికి. అంతకు ఆరేళ్ల ముందే, 1662లో, లండన్ రాయల్ సొసైటీలో క్రిస్టఫర్ మెరెట్ అనే వైద్యుడు వైన్‌లో చక్కెర కలిపి నురగ తెప్పించే సంగతి చదివి వినిపించాడు. ఇంగ్లండులో బొగ్గు కొలుముల్లో చేసిన గాజు గట్టిది, నురగ ఒత్తిడికి పేలిపోకుండా తట్టుకునేది. షాంపేన్ సీసా లోపల ఒత్తిడి వాతావరణ పీడనానికి 5, 6 రెట్లు ఉంటుంది. మూత తీసేటప్పుడు సీసా మూతిని మనుషుల వైపు పెట్టకండి, కళ్లు పోతాయి.

సీసా అడుగున పేరుకునే మడ్డిని మెడలోకి దింపి తీసేసే ఉపాయం ఒక వితంతువు నడిపిన సంస్థలో కుదిరింది. 1805లో భర్త పోయేనాటికి బార్బ్-నికోల్ క్లికోకు 27 ఏళ్లు. మామగారిని ఒప్పించి వ్యాపారం చేతిలోకి తీసుకుంది. చెక్క బల్లకు బెజ్జాలు పెట్టించి సీసాలను తలకిందులుగా గుచ్చి, రోజూ కొద్దికొద్దిగా తిప్పించేది. ఆ పద్ధతి ఇప్పటికీ పోలేదు.

బిరడా గురించి ఒక మాట. అది కార్క్ ఓక్ చెట్టు బెరడు. ప్రపంచంలో దాదాపు సగం పోర్చుగల్ నుంచే వస్తుంది. చెట్టుకు సుమారు 25 ఏళ్లు వచ్చాక మొదటిసారి బెరడు తీస్తారు, తర్వాత 9 ఏళ్లకు ఒకసారి. మొదటి రెండు కోతలు సీసా బిరడాకు పనికిరావు, మూడోసారి తీసిందే పనికొస్తుంది. అంటే 40 ఏళ్లు దాటాలి. బెరడు తీసినా చెట్టు చావదు. ఇన్నేళ్ల ఓపిక ఉన్న రైతుకు నేను చేతులెత్తి మొక్కుతాను. మరమూత సీసాను తక్కువగా చూసేవాళ్లున్నారు, అదీ సరికాదు. బిరడాలో పుట్టే ముక్కవాసన మరమూత సీసాలో రాదు.

8. రంగూ పేరూ చూసి నాలుక మాట మారుస్తుంది

2001లో బోర్డోలో ఫ్రెడెరిక్ బ్రోషే అనే పరిశోధకుడు వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకు ఒక తెల్ల వైన్ ఇచ్చాడు. మరోసారి అదే వైన్‌కు వాసన, రుచి లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చాడు. ఎరుపు కనిపించగానే వాళ్లు ఎర్ర వైన్‌కు వాడే వర్ణనలన్నీ రాశారు. చదువుకుంటున్నవాళ్లకే అలా అయితే మనబోటివాళ్లం లేబుల్ చూసి మోసపోవడంలో వింతేముంది?

1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు వ్యాపారి ఫ్రెంచి న్యాయనిర్ణేతలకు సీసాల పేర్లు కనబడకుండా వైన్లు పోసి మార్కులు వేయించాడు. తెలుపులో షాతో మాంటెలీనా, ఎరుపులో స్టాగ్స్ లీప్, రెండు చోట్లా కాలిఫోర్నియాకే మొదటి స్థానం. స్టాగ్స్ లీప్ తోటను నాటింది 1970లో, గెలిచింది 1973 పంట. మూడేళ్ల తోట!

నాకు అన్నిటికంటే నచ్చేది ఇంకోటి. రూడీ కుర్నియవాన్ అనేవాడు కాలిఫోర్నియాలో తన ఇంట్లోనే చవక వైన్లు కలిపి, పాత లేబుళ్లు అచ్చువేసి, కోట్ల రూపాయల విలువకు వేలం పాటల్లో అమ్మాడు. గొప్ప గొప్ప రుచి నిపుణులు తాగి మెచ్చుకున్నారు. 2008లో న్యూయార్క్ వేలంలో వైన్ చేసే పోన్సో కుటుంబం పేరుతో క్లో సాన్ దెనీ తోట వైన్ పెట్టారు, 1945 నుంచి ఉన్న సీసాలు. బర్గండీ నుంచి లోరాన్ పోన్సో స్వయంగా విమానమెక్కి వచ్చి ఆపించాడు. ఆ తోట నుంచి వాళ్ల కుటుంబం వైన్ తీయడం మొదలుపెట్టింది 1980లలో. లేని పంటకు సీసాలెక్కడివి? ఆ పట్టు నుంచే తీగ లాగారు. 2014లో కుర్నియవాన్‌కు పదేళ్ల శిక్ష పడింది. నిపుణుల నాలుకలు చెప్పలేనిది పండించినవాడి జ్ఞాపకం చెప్పింది.

9. ఎంత పాతది, మనకెంత దగ్గరిది

జార్జియా దేశంలో మట్టికుండల పెంకుల్లో దొరికిన ద్రాక్ష వైన్ ఆనవాళ్లు సుమారు 8,000 ఏళ్ల నాటివి. అక్కడ ఇప్పటికీ పెద్ద మట్టి బానలను మెడదాకా నేలలో పాతి వైన్ పులియబెడతారు. 2013లో యునెస్కో ఆ పద్ధతిని వారసత్వ సంపదగా గుర్తించింది.

మన దేశానికి రోమన్ వైన్ ఓడల్లో వచ్చేది. ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుడి గ్రంథం పెరిప్లస్, భరుకచ్ఛం (నేటి భరూచ్) రేవులో ఇటలీ వైన్‌కు గిరాకీ ఎక్కువని చెబుతుంది. పుదుచ్చేరి పక్క అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వించినప్పుడు వైన్ రవాణా చేసే మట్టి జాడీల ముక్కలు దొరికాయి. కౌటిల్యుడి అర్థశాస్త్రం సురాధ్యక్షుడి అధికారాలు చెప్పేచోట ద్రాక్షరసంతో చేసే మద్యాన్ని, అది వచ్చే వాయవ్య ప్రాంతాలను పేర్కొంటుంది. నాగార్జునకొండ మ్యూజియానికి వెళితే కొమ్ము ఆకారపు పాత్ర పట్టుకున్న గడ్డపు మనిషి శిల్పం కోసం చూడండి. అందులో గ్రీకుల మధుదేవత పోలికలున్నాయని పండితులంటారు.

10. ఇంట్లో ఉంచుకునేవాళ్లకు

పాతబడేకొద్దీ వైన్ బాగుంటుందన్నది కొద్దిరకాలకే వర్తిస్తుంది. మార్కెట్లో దొరికేవి చాలావరకు కొన్నేళ్లలో తాగడానికి చేసినవే. ఎర్ర వైన్ గది వేడిమిలో ఇవ్వాలని రాసింది చలి దేశపు గదుల గురించి, 16 నుంచి 18 డిగ్రీలు. మన ఏప్రిల్ నెల గదిలో పెడితే చెడిపోతుంది. ఫ్రిజ్ పైన అసలే పెట్టకండి, అక్కడ వేడి. మూత తీసింది ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులకు మించి బాగుండదు. మన కారానికి వగరెక్కువున్న ఎరుపు పడదు, మంట ఇంకా పెంచుతుంది. గోంగూర మాంసం వండిన ఇంట్లో కాస్త తీపి తగిలే చల్లటి తెలుపు మేలు.

11. ఆరోగ్యం పేరు చెప్పకండి

1991లో అమెరికా టీవీ కార్యక్రమం ఒకటి ఫ్రెంచివాళ్ల గుండె ఆరోగ్యానికి ఎర్ర వైన్ కారణం కావచ్చని చూపించింది. అప్పటి నుంచి గుండెకు మంచిదన్న మాట ఊరూరా తిరుగుతోంది. ఆల్కహాలు క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే మొదటి వర్గంలో చేర్చింది. ఇంత వరకు తాగితే ప్రమాదం లేదని చెప్పగల మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా ప్రకటించింది. ఇది వైన్‌కు కూడా వర్తిస్తుంది. 12 శాతం వైన్ 150 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 14 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది, 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గు ఒకటిన్నరకు దగ్గర. వైన్ మద్యం కిందికి రాదని ఆడపిల్లలకు, పెద్దవాళ్లకు నచ్చజెప్పి పోయడం నేను చూశాను, అది తప్పు. గర్భిణులు ముట్టకూడదు. తాగి బండి తీయకూడదు, మన చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. వద్దన్నవాణ్ణి రెండోసారి అడగకండి. ఈ కబుర్లన్నీ ద్రాక్షరసం గ్లాసు పట్టుకుని చెప్పుకున్నా అంతే రుచిగా ఉంటాయి.

12. ఒకసారి తోటకు వెళ్లి రండి

మా వైపు పందిళ్లు చాలావరకు ప్లాట్లయిపోయాయి. అయినా నగరం చుట్టూ ఇంకా కొన్ని తోటలు మిగిలాయి, రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధనా కేంద్రం ఉంది. కోత రోజుల్లో పిల్లల్ని, స్నేహితుల్ని తీసుకెళ్లండి. అంటు బొడిపె చూపించండి, నల్ల కాయను చీల్చి గుజ్జు చూపించండి, ఆకు మీద నీలపు మరకలు కనిపిస్తే మిలార్దే కథ చెప్పండి. రైతుతో కాసేపు మాట్లాడి, రెండు కిలోలు ఆయన దగ్గరే కొనండి. ఫిబ్రవరి, మార్చి నెలలు సరైన సమయం. ఏప్రిల్ కత్తెర పడ్డాక వెళితే పందిరి మీద కాయ ఉండదు.